పైన నిప్పు, కింద నిప్పు

"బజారు బిస్కత్తు నాకొద్దమ్మాయ్. మీరు తినండి."

మా అత్తయ్యగారు ఈ మాట అనడం ఆ వారంలో అది నాలుగోసారి. తెనాలిలో కాలేజీ వదలగానే ఒక బిస్కత్తు పొట్లం కొని సంచీలో వేసుకుని, రేపల్లె బండి యెక్కి వేమూరులో దిగడం నాకు అలవాటు. ఇంటికి రాగానే పొట్లం విప్పి పళ్ళెంలో పెట్టడం, ఆవిడ వద్దనడం, చివరికి అవి మావారి నోట్లోకో పక్కింటి పిల్లల చేతుల్లోకో పోవడం కూడా అలవాటే అయింది.

మామయ్యగారు వున్నన్నాళ్ళూ ఇలా వుండేది కాదు. సాయంత్రం అయిదయ్యేసరికి ఇద్దరూ అరుగుమీద కూర్చుని టీ తాగేవారు. ఆయన బిస్కత్తును టీలో ముంచి కబుర్లలో పడేవారు. అది కాస్తా నాని విరిగి గ్లాసులో పడిపోయేది. "చెంచా!" అని కేకవేసేవారు. చెంచా అత్తయ్యగారి చేతిలో ముందే సిద్ధంగా వుండేది. ఆయన పోయి రెండేళ్ళయింది. టీ ఆగలేదుగాని పక్కన బిస్కత్తు ఆగిపోయింది. తరువాత రాత్రి భోజనం సగమైంది. ఆ తరువాత వంటింట్లోకి రావడమే మానేశారు. "మీ వంట మీది. గ్యాసు పొయ్యీ, మిక్సీ, నాకెందుకివన్నీ?" అనేవారు. డాక్టరుగారు పరీక్ష చేసి, "జబ్బేమీ లేదు. తిండి చాలడం లేదు. సాయంత్రంపూట యేదైనా కాస్త తినేటట్లు చూడండి" అన్నారు.

చూడమంటే యెలా? డెబ్బైయెనిమిదేళ్ళ మనిషిని ఒళ్ళో కూచోబెట్టుకుని తినిపిస్తామా? అడిగితే ఆవిడ చెప్పే కారణాలు సబబుగానే వుంటాయి. "యెవరు చేశారో, యే నూనె పోశారో, గుడ్డు కలిపారో లేదో మనకేం తెలుసు?" పొట్లం మీది చీమతలకాయంత అక్షరాలను నేను చదివి వినిపించబోతే, "పాఠం కాలేజీలో చెప్పుకో తల్లీ" అని నవ్వేసేవారు.

సరే, ఇంట్లోనే చేద్దామనుకున్నాను. హైదరాబాదులో చదువుకుంటున్న మా అమ్మాయి ఫోనులో, "దాల్చినచెక్క బిస్కత్తులు చెయ్యమ్మా, గుడ్డు అక్కర్లేదు, చాలా తేలిక" అని కొలతలు చెప్పింది. మా ఇంట్లో ఓవెన్ లేదు. దానికీ ఉపాయం చెప్పింది. పాత కుక్కరులో ఇసక పోసి, ఆ ఇసకమీద పళ్ళెం పెట్టి కాల్చమన్నది. అల్లాగే చేశాను. పది నిమిషాలకు మూత తీసి చూద్దును గదా, పైన తెల్లగా పచ్చిపిండి, అడుగున బొగ్గు! కమ్మని వాసనతో మొదలైన వంటిల్లు పొగతో నిండిపోయింది.

"మాడుతోందే!" అని అరుగుమీదనుంచి కేక. ఆ వెనకే అత్తయ్యగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఎన్ని నెలల తరువాతో చెప్పలేను. మాడిన బిస్కత్తును చేతిలోకి తీసుకుని తిరగేసి చూశారు.

"కింద తప్ప పైన నిప్పేదే? ఒక్క పక్కనుంచే కాలిస్తే మాడక యేమవుతుంది? దిబ్బరొట్టి యెలా కాలుస్తారో మీ అమ్మ చెప్పలేదూ?"

చెప్పింది. నేనే మరిచిపోయాను. ఈ ప్రాంతపు ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు దిబ్బరొట్టి గురించి చెప్పనక్కరలేదు. మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి, నూనె రాసిన మందపాటి మూకుట్లో అంగుళమున్నర మందాన పోసి, సన్నని సెగమీద పెడతారు. మూతగా ఒక పళ్ళెం బోర్లించి, ఆ పళ్ళెంమీద బూడిదపట్టిన నిప్పులు పరుస్తారు. కింది సెగకు అడుగు యెర్రగా, పై సెగకు నెత్తి యెర్రగా, మధ్యలో మెత్తగా ఉడికి వస్తుంది రొట్టె. తిరగవేయవలసిన పని లేదు. నేడు బజారులో అమ్మే ఓవెన్ చేసే పనీ ఇంతకన్న వేరు కాదు. పైనొక కమ్మీ, కిందొక కమ్మీ యెర్రగా కాగి, నడుమ పెట్టిన పదార్థానికి నాలుగువైపులా సమంగా వేడి తగిలిస్తాయి. మా అమ్మమ్మకు కరెంటు లేదుగాని ఆ కిటుకు తెలుసు.

ఇనపపాత్రకు మూత పెట్టి, మూతమీద నిప్పులు పోసి రొట్టె కాల్చే పద్ధతి పడమటి దేశాల్లోనూ వుంది. ఇంగ్లీషువాళ్ళు ఆ పాత్రను 'డచ్ ఓవెన్' అంటారు. డచ్చివాళ్ళు మనకు కొత్తవాళ్ళు కారు. మా రేపల్లె దాటి సముద్రంవైపు వెళితే నిజాంపట్నం వస్తుంది. ఆ రేవును వాళ్ళు పేటపోలి అనేవారు. 1606లో అక్కడ వర్తకస్థానం పెట్టుకున్నారు. 1611లో ఇంగ్లీషువాళ్ళ 'గ్లోబు' అనే ఓడ కూడా ఆ రేవుకే వచ్చింది. వాళ్ళందరికీ కావలసింది మన చిరివేరు రంగు వేసిన యెర్రని బట్టలు. ఆ బట్టలు తీసుకుపోయి తూర్పుదీవుల్లో యిచ్చి, అక్కడి సుగంధద్రవ్యాలు కొనుక్కునేవారు. తరువాత 1658 నాటికి సింహళంనుంచి పోర్చుగీసువాళ్ళను పూర్తిగా వెళ్ళగొట్టి, అక్కడి దాల్చినచెక్క వ్యాపారాన్నంతా డచ్చివాళ్ళే చేతుల్లో పెట్టుకున్నారు. ఈనాటికీ డిసెంబరు మొదటివారంలో సెయింట్ నికలస్ పండుగకు వాళ్ళ ఇళ్ళల్లో దాల్చినచెక్క వేసిన బిస్కత్తు వుండి తీరాలి. మనకు సంక్రాంతికి అరిసె యెల్లాగో వాళ్ళకు అది అల్లాగ.

దాల్చిన దగ్గరకు వచ్చేసరికి మా అత్తాకోడళ్ళకు పెద్ద వాదమే జరిగింది.

"తీపిలో దాల్చినచెక్కేమిటే? పులావులో వేసేది గదా! తీపిలో యాలక్కాయ గాని వెయ్యరు."

ఆవిడ అన్నది నిజమే. మన పిండివంటల్లో యాలకులదే రాజ్యం. కొంచెం పచ్చకర్పూరానికి చోటుంది. దాల్చినను మసాలాలోకీ, జలుబు చేసినప్పుడు కషాయంలోకీ పంపించేశాము. కాని ఈ పని మన పూర్వులు చేయలేదు. ఆయుర్వేదంలో 'త్రిజాతకం' అని ఒక జట్టు వుంది. త్వక్కు, ఏల, పత్రం, ఈ మూడూ కలిస్తే త్రిజాతకం. ఏల అంటే యాలకులు, పత్రం అంటే ఆకుపత్రి, త్వక్కు అంటే మన దాల్చినచెక్కే. సంస్కృతంలో త్వక్కు అంటే చర్మం, చెట్టుకైతే బెరడు. అంటే యాలక్కాయకూ దాల్చినకూ చుట్టరికం ఈనాటిది కాదన్నమాట. దాల్చిన అనే పేరు మాత్రం పారసీకంనుంచి వచ్చింది. 'దార్‌చీనీ' అంటే చీనా కర్ర. మన పాతకాలపు ఇళ్ళల్లో దాన్నే లవంగపట్ట అనేవారు. లవంగం చెట్టుకూ దీనికీ సంబంధం లేకపోయినా, వాసన కొంచెం కలిసిందని ఆ పేరు పెట్టుకుని వుంటారు. ఇక బిస్కత్తు అనే మాటకు లాటిను మూలంలో రెండుసార్లు కాల్చినది అని అర్థం. మొదటిసారి మాడ్చి రెండోసారి సరిగా కాల్చిన నాకు ఆ అర్థం బాగా నప్పింది.

"అయితే యింతకూ దాన్ని తీపిలో వేసినవాళ్ళు మన దేశంలో యెవరైనా వున్నారా?" అన్నారావిడ. వున్నారు. మలబారులో తలశ్శేరి అనే పట్టణంలో మంబళ్ళి బాపు అనే ఆయన 1880లో బిస్కత్తుల కార్ఖానా పెట్టారు. 1883లో మర్డోక్ బ్రౌన్ అనే దొర సీమనుంచి తెచ్చిన కేకు ముక్క చూపించి, అల్లాంటిది చేసిపెట్టమన్నాడట. బాపు చేసిపెట్టారు. మన దేశస్థుడు చేసిన మొదటి క్రిస్మస్ కేకు అదే అని చెప్పుకుంటారు. ఆ దొరకున్న తోట యేమిటంటారు? అంజరకండిలో దాల్చినతోట! ఈ కథ చెప్పేసరికి అత్తయ్యగారు కొంచెం మెత్తబడి, "సరే, కొంచెమే వెయ్యి" అన్నారు.

ఇక మా రెండో ప్రయత్నంలో కుదిరిన పద్ధతి చెబుతాను. మూడుసార్లు చేసి సరిచూసుకున్న కొలతలివి.

కావలసినవి: మైదాపిండి 250 గ్రాములు (ఇష్టమైతే అందులో 100 గ్రాములు గోధుమపిండి వేసుకోవచ్చు), పేరిన నెయ్యి 125 గ్రాములు, మెత్తగా పొడిచేసిన పంచదార 100 గ్రాములు, దాల్చినపొడి ఒక చిన్న చెంచా, బేకింగ్ పౌడరు అరచెంచా, ఉప్పు చిటికెడు, కాచి చల్లార్చిన పాలు రెండు మూడు పెద్ద చెంచాలు. పైన చల్లడానికి రెండు చెంచాల పంచదారలో పావుచెంచా దాల్చినపొడి కలిపి వుంచుకోండి. వీటితో ముప్ఫై బిస్కత్తులు వస్తాయి.

దాల్చినపొడి అప్పటికప్పుడు చేసుకుంటేనే వాసన. చెక్కను ఒక పూట యెండలో పెట్టి, చిన్న ముక్కలుగా విరిచి మిక్సీలో వేసి, పలుచని బట్టలో జల్లించండి. జల్లించకపోతే పలుకులు పంటికింద పడతాయి. పళ్ళులేని పెద్దవాళ్ళకు చిగుళ్ళకు గుచ్చుకుంటాయి కూడా.

మొదట నెయ్యీ పంచదారపొడీ ఒక గిన్నెలో వేసి, తెల్లబడి నురుగులా తేలికయ్యేదాకా చేత్తో గిలక్కొట్టాలి. పది నిమిషాలు పడుతుంది. నెయ్యి పేరుకునివుండాలిగాని కరిగి వుండకూడదు. కరిగిన నేతితో చేస్తే బిస్కత్తు పళ్ళెంలో పరుచుకుపోతుంది. మైదా, దాల్చినపొడి, బేకింగ్ పౌడరు, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించి నేతిలో వెయ్యండి. వేళ్ళతో తేలికగా కలపండి.

ఇక్కడ అత్తయ్యగారు ఒక పరీక్ష చెప్పారు. చెక్కలకీ కజ్జికాయలకీ నెయ్యి పట్టించినప్పుడు చేసే పరీక్షే అది. పిండిని పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. ముద్ద నిలవకపోతే నెయ్యి చాలలేదన్నమాట. తాకినా విడిపోకపోతే నెయ్యి యెక్కువైందన్నమాట. పరీక్షలో నెగ్గిన తరువాతనే పాలు ఒక్కొక్క చెంచా చిలకరించి ముద్ద చెయ్యండి. చపాతీపిండిలా పిసకకూడదు. పిసికినకొద్దీ మైదాలో జిగురు పుట్టి బిస్కత్తు గట్టిపడుతుంది. నెయ్యి చేసే మేలు ఆ జిగురును అడ్డుకోవడమే. కజ్జికాయ గుల్లవిచ్చుకోవడానికీ బిస్కత్తు నోట్లో కరగడానికీ కారణమొకటే.

ముద్దను తడిగుడ్డ కప్పి పావుగంట వుంచి, పెద్ద ఉసిరికాయంత వుండలు చేసి, అరచేతిలో కొంచెం నొక్కి, దాల్చిన కలిపిన పంచదారలో ఒకవైపు అద్దండి. నెయ్యి రాసిన పళ్ళెంలో వేలెడు యెడంగా పేర్చండి. దగ్గరగా పెడితే పొంగి ఒకదానికొకటి అంటుకుంటాయి.

కాల్చడానికి అడుగు మందంగా వున్న పాతగిన్నె ఒకటి కేటాయించండి. కడిగి ఆరబెట్టిన ఇసకగాని, రాళ్ళ ఉప్పుగాని అంగుళం మందాన పొయ్యండి. దానిమీద కుదురులాంటి ఇనపచుట్టు పెట్టండి. బిస్కత్తు పళ్ళెం ఇసకను తాకకూడదు. నేను మొదట మాడ్చింది అక్కడే. కుక్కరు వాడేటట్లయితే రబ్బరుచుట్టూ, పైన బరువూ తప్పకుండా తీసెయ్యండి. మూతపెట్టి మధ్యరకం మంటమీద పది నిమిషాలు ఖాళీగా కాగనిచ్చి, తరువాత పళ్ళెం లోపల పెట్టి, మంట బాగా తగ్గించండి.

ఇప్పుడు పైనిప్పు సంగతి. గ్యాసు పొయ్యిమీద వండేవాళ్ళకు నిప్పులెక్కడివి? "ఇనప పెనం లేదుటే?" అన్నారు అత్తయ్యగారు. రెండో పొయ్యిమీద అట్లపెనాన్ని బాగా కాల్చి, గిన్నెమీద మూతగా బల్లపరుపు ఇత్తడిపళ్ళెం పెట్టి, దానిమీద ఆ పెనాన్ని కూర్చోబెట్టాము. యెనిమిది నిమిషాలకు పెనం చల్లారితే మళ్ళీ కాల్చి పెట్టాము. మూతకు ప్లాస్టికు పిడి వుంటే మాత్రం ఈ పని చెయ్యకండి. పెనాన్ని పట్టకారుతో రెండుచేతులా పట్టుకోండి. పొయ్యి దగ్గర పిల్లల్ని వుంచకండి. నిప్పులే వాడాలనుకుంటే పెరట్లో పెట్టుకోండి. తలుపులు మూసిన గదిలో బొగ్గు రాజెయ్యడం ప్రాణానికే ముప్పు.

పదిహేను నిమిషాలనుంచి ఇరవై నిమిషాలలోపల అంచులు లేత గోధుమరంగుకు వస్తాయి. అప్పుడే దించాలి. వేలితో తాకితే మెత్తగా వుంటుంది. ఇంకా కాలలేదని భ్రమపడి మళ్ళీ పెట్టకండి. వేడిమీద మెత్తగానే వుండి, చల్లారితే గట్టిపడడం బిస్కత్తు స్వభావం. అరగంట ఆరిన తరువాతనే డబ్బాలో పొయ్యండి. వేడిగా మూతపెడితే ఆవిరిపట్టి మెత్తబడతాయి. ఓవెన్ వున్నవాళ్ళు 170 డిగ్రీల వేడిలో పన్నెండు పదిహేను నిమిషాలు వుంచితే చాలు.

దాల్చినచెక్క కొనేటప్పుడు ఒక్క మాట. బజారులో రెండు రకాలున్నాయి. సింహళపు చెక్క పలుచగా, మన పొగాకు చుట్టలాగా పొరలు పొరలుగా చుట్టుకుని, నులిమితే పొడిపొడి అవుతుంది. రెండోది కాసియా అనే రకం. ఇది మందంగా, ఒకటే పొరగా, విరవడానికి బిరుసుగా వుంటుంది. మసాలా దినుసుల్లో మనకు యెక్కువగా దొరికేది ఇదే. దీనిలో కౌమరిన్ అనే పదార్థం హెచ్చు. రోజూ యెక్కువగా తింటే కొందరికి కాలేయానికి చెరుపు చెయ్యవచ్చు. 2006లో జర్మనీలో దీన్నిగురించి ప్రజలను హెచ్చరించారు. 2008లో ఐరోపా సమాఖ్య దాల్చిన బిస్కత్తుల్లో కౌమరిన్ యింతకు మించకూడదని హద్దు పెట్టింది. మనం రోజుకు రెండు బిస్కత్తులు తింటే వచ్చే భయమేమీ లేదు. పసిపిల్లలకు మాత్రం డబ్బా అప్పగించెయ్యకండి. దొరికితే సింహళపు చెక్కే వాడండి.

మరొక మాట కూడా. దాల్చినచెక్క మధుమేహానికి మందు అని చాలామంది నమ్ముతున్నారు. ఆ మాటకు గట్టి ఋజువులేదు. వున్నా, వంద గ్రాముల పంచదార వేసిన బిస్కత్తు మందెల్లా అవుతుంది? మధుమేహం వున్నవాళ్ళు తమ డాక్టరుగారి మాట విని, దీన్ని తీపి పదార్థంగానే లెక్కవేసుకోవాలి.

ఆ రెండో విడత బిస్కత్తులు దించేసరికి సాయంత్రం అయిదు దాటింది. పెనం రెండుసార్లు కాల్చిపెట్టింది అత్తయ్యగారే. నేను పట్టుకోబోతే, "నీకు చేతకాదు, చెయ్యి కాల్చుకుంటావు" అని పట్టకారు లాక్కున్నారు. అరుగుమీద టీ పెట్టి, పళ్ళెంలో నాలుగు బిస్కత్తులు పెట్టాను. తినమని మాత్రం అనలేదు. ఆవిడ ఒకటి తీసుకుని, వాసన చూసి, విరిచి చూసి, టీలో ముంచారు. ఇంతలో పక్కింటావిడ వీధిలోంచి, "యేమిటి వదినగారూ, యింత కమ్మని వాసన!" అని పలకరించింది. దిబ్బరొట్టి సంగతి, పెనం సంగతి మొదలుపెట్టి, కోడలు మాడ్చిన సంగతి కూడా విడిచిపెట్టకుండా చెప్పుకొచ్చారు అత్తయ్యగారు. చెప్పడంలో పడి చేతిలో బిస్కత్తు మాట మరిచిపోయారు. అది కాస్తా నాని విరిగి గ్లాసులో పడింది.

"చెంచా!" అన్నారు.

నేను లోపలికి వెళ్ళి చెంచా తెచ్చి యిచ్చాను. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. ఆవిడ అడుగున నానిన బిస్కత్తంతా చెంచాతో తిని, గ్లాసు కింద పెట్టి, పళ్ళెంలోంచి రెండోది తీసుకున్నారు.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారంనాడు బిస్కత్తులు చేస్తాము. పిండి కలపడం నాది, పిడికిలి పరీక్షా, పైనిప్పూ ఆవిడవి. మా అమ్మాయి హాస్టలుకు ఒక డబ్బా వెళుతుంది. రాత్రి భోజనం యింకా సగమేగాని, వంటింటి గుమ్మం దాటి వచ్చి, కూరలో ఉప్పు చాలలేదని చెప్పే మనిషి మాకు మళ్ళీ దొరికింది. మీ ఇంట్లోనూ ఓవెన్ లేకపోతే కొనేముందు ఒకసారి అరుగుమీద కూర్చున్న పెద్దవాళ్ళను అడిగి చూడండి.

దాల్చిన విషయంలో మాత్రం వాదం తెగలేదు. "ఈసారి యాలక్కాయ వేసి చూడవే" అంటున్నారు. వచ్చే ఆదివారం సగం పిండి ఆవిడకు వదిలేస్తున్నాను.